‘ఊరుకో’ అన్న మాటే రెండో గాయం

దావీదు మహారాజు ఇంట్లో జరిగిన ఒక ఘోరాన్ని బైబిల్ దాచిపెట్టకుండా రాసింది. రెండో సమూయేలు గ్రంథం 13వ అధ్యాయంలో అది ఉంది. మన మందిరాల్లో ఆ అధ్యాయం మీద ప్రసంగం వినడం చాలా అరుదు. రాజకుమారుడు అమ్నోను జబ్బు చేసినట్టు నటించి, చెల్లెలు తామారు వచ్చి రొట్టెలు చేసిపెడితే తింటానని తండ్రిని అడిగాడు. వాళ్లిద్దరికీ తండ్రి ఒక్కడే, తల్లులు వేరు. తండ్రి కబురు పెట్టాడు, ఆ అమ్మాయి వెళ్లింది. అన్నకు ఒంట్లో బాగాలేదంటే ఏ చెల్లెలు వెళ్లదు? వద్దని బతిమాలినా వినకుండా అతడు ఆమెను చెరిచాడు. ఆ తర్వాత నౌకరు చేత బయటికి గెంటించి తలుపు గడియ వేయించాడు.

తామారు నోరు మూసుకుని ఇంటికి పోలేదు. నెత్తిన బూడిద పోసుకుని, ఒంటి మీది అంగీ చింపుకుని, కేకలు వేసి ఏడుస్తూ వెళ్లింది. తోడబుట్టిన అన్న అబ్షాలోము ఆమెను చూడగానే సంగతి గ్రహించాడు. అతనేమన్నాడు? ఊరుకోమన్నాడు. వాడు నీ అన్నే కదా, మనసులో పెట్టుకోవద్దన్నాడు. విషయం తెలిసి దావీదుకు పట్టరాని కోపం వచ్చిందని రాసి ఉంది గాని, ఆ కోపంతో ఆయన ఏం చేశాడో రాసి లేదు. కొడుకును నిలదీసినట్టు గానీ, కూతురిని దగ్గరకు తీసుకుని కన్నీళ్లు తుడిచినట్టు గానీ ఎక్కడా లేదు. తామారు అన్న ఇంట్లో దిక్కులేనిదై ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె గొంతు మనకు మళ్లీ వినిపించదు.

ఆ ఇంట్లో తామారుకు రెండు గాయాలయ్యాయి. మొదటిది అమ్నోను చేసింది. రెండోది ‘ఊరుకో’ అన్న మాట చేసింది. చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవారి సంగతి బయటపడినప్పుడు మన క్రైస్తవ కుటుంబాలూ సంఘాలూ మొదటి గాయం గురించి నిజంగానే బాధపడతాయి. రెండో గాయాన్ని మాత్రం తమ చేతులతోనే చేస్తాయి. ఈ వారం ఆ రెండో గాయం గురించి ఆలోచిద్దాం.

ఇలాంటివి దైవభయం లేని ఇళ్లల్లో జరుగుతాయి గాని, కుటుంబ ప్రార్థన జరిగే ఇళ్లల్లో జరగవని చాలామంది నమ్ముతారు. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో ఒక అధ్యయనం విడుదల చేసింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నామని చెప్పారు. బలవంతంగా ముద్దుపెట్టుకోవడం మొదలుకొని అత్యాచారం వరకూ అన్నీ ఆ లెక్కలో ఉన్నాయి. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధితుల్లో మగపిల్లలు ఆడపిల్లల కంటే తక్కువేమీ లేరు. అఘాయిత్యం చేసినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, పిల్లల బాధ్యత ఉన్నవారు. చాలామంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. కంచే చేను మేస్తే చేను ఎవరితో చెప్పుకుంటుంది?

పిల్లలు ఎందుకు చెప్పరు? పెద్దలకు ఇది అంతుబట్టని విషయం. ‘నిజంగా జరిగితే అప్పుడే ఎందుకు అరవలేదు? ఇన్నేళ్ల తర్వాత ఎందుకు చెబుతోంది?’ అని అడుగుతారు. చెడ్డ ఉద్దేశం ఉన్నవాడు సాధారణంగా మొదటి రోజే చేయి వేయడు. ముందు ఇంట్లో అందరి నమ్మకం సంపాదిస్తాడు. పిల్లకు చాక్లెట్లు తెస్తాడు, పిల్లాడికి ఫోను ఇచ్చి ఆడుకోనిస్తాడు, ట్యూషన్ చెబుతానంటాడు. ఇది మనిద్దరి మధ్య రహస్యం అంటాడు. ఆ తర్వాత, చెబితే మీ అమ్మ చచ్చిపోతుందనో, నిన్నెవరూ నమ్మరనో బెదిరిస్తాడు. భయంతో ఒళ్లు బిగుసుకుపోయి నోట మాట రాకపోవడం కూడా మనిషి శరీరంలో సహజంగా జరిగేదే. పులిని చూసిన జింకపిల్ల కొన్నిసార్లు కదలకుండా నిలబడిపోతుంది. దాన్ని ఒప్పుకోలు అనగలమా? పైగా ఆరేళ్ల పిల్లకు తన మీద జరిగినదానికి పేరే తెలియదు. పేరు తెలియనిదాన్ని ఏమని చెబుతుంది?

పెద్దలను గౌరవించమని మనం నేర్పిస్తాం. అది దేవుని ఆజ్ఞే. అయితే పెద్దలు ఏం చేసినా ఎదురు చెప్పకూడదు అనే అర్థంలో దాన్ని నేర్పితే, ఆ ఆజ్ఞే నేరస్థుడి చేతిలో తాడు అవుతుంది. ‘అంకుల్‌కి ముద్దు పెట్టు’ అని ఇష్టంలేని పిల్లను బలవంతం చేసే ప్రతిసారీ, నీ ఒంటి మీద నీకు హక్కు లేదనే పాఠం ఆ పిల్ల నేర్చుకుంటుంది.

ఆ పాఠం పిల్లతో పాటే పెరుగుతుంది. పాస్టర్ దగ్గరకు ప్రార్థన కోసం వచ్చే నడివయసు వాళ్లలో కొందరు మొదట చెప్పేది వేరే సంగతి. నిద్ర పట్టడం లేదంటారు. భర్త దగ్గరకు వస్తే ఒళ్లు చల్లబడుతుందంటారు. కారణం లేకుండా కోపం వస్తోందంటారు. మగవాళ్లయితే తాగుడు మానలేకపోతున్నానని వస్తారు. ఎన్నిసార్లు పాపాలు ఒప్పుకున్నా మురికి పోవడం లేదని ఏడ్చేవాళ్లున్నారు. ఎవరో చేసిన పాపాన్ని తమ ఖాతాలో రాసుకుని, దానికి ఏళ్ల తరబడి క్షమాపణ అడుగుతూ ఉంటారు. ప్రార్థనలో ‘తండ్రీ’ అనే మాట దగ్గరే కొందరి గొంతు ఆగిపోతుంది. వాళ్లకు ఆ మాటతో గుర్తొచ్చేది వేరొక ముఖం. ఇది అవిశ్వాసం కాదు, గాయం.

వైద్యులూ ఈ సంగతి గమనించారు. అమెరికాలో విన్సెంట్ ఫెలిటీ, రాబర్ట్ అండా అనే వైద్యులు 1998లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధమైనది. బాల్యంలో హింస, నిరాదరణ, ఇంట్లో కల్లోలం వంటి అనుభవాలు ఎన్ని రకాలు ఎక్కువైతే, పెద్దయ్యాక కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నాలు, తాగుడు, చివరికి గుండెజబ్బులు కూడా అంతగా పెరుగుతున్నాయని అది చూపించింది. అది తలరాత కాదు, ముప్పు మాత్రమే. అయినా, ‘ఎప్పుడో జరిగింది, మరిచిపో’ అనే సలహా ఎంత పనికిరానిదో దీన్నిబట్టి తెలుస్తుంది. మనసు మరిచిపోదలచినా శరీరం మరిచిపోదు.

ఇక సంఘం సంగతికొద్దాం. ‘బయటపెడితే దేవుని నామానికి అవమానం’ అనే వాదన ఎక్కడికి దారితీస్తుందో ఇంగ్లండు సంఘ చరిత్ర మనకు చూపిస్తోంది. మన సి.ఎస్.ఐ. సంఘానికి ఆ ఆంగ్లికన్ కుటుంబంతో చుట్టరికం ఉంది కాబట్టి అది పరాయివాళ్ల గొడవ అనుకోలేం. జాన్ స్మిత్ అనే పేరున్న న్యాయవాది క్రైస్తవ కుర్రాళ్ల బైబిల్ క్యాంపుల్లో నాయకుడు. 1970ల చివర, 1980ల మొదట్లో కుర్రాళ్లను తన ఇంటి తోటలోని షెడ్డుకు తీసుకెళ్లి, పాపాలకు క్రమశిక్షణ అనే పేరుతో రక్తం కారేలా బెత్తంతో కొట్టేవాడు. వారిలో ఒకరు ఆత్మహత్యకు ప్రయత్నించాక 1982లో సంఘ నాయకులు కొందరు రహస్యంగా విచారించి నివేదిక రాసుకున్నారు. పోలీసులకు చెప్పలేదు. బయటపడితే దేవుని పనికి పెద్ద నష్టం జరుగుతుందని అనుకున్నట్టు వారిలో ఒకరు తర్వాత ఒప్పుకున్నారు.

స్మిత్ 1984లో జింబాబ్వే వెళ్లిపోయాడు. అక్కడ మళ్లీ క్యాంపులు పెట్టాడు, మళ్లీ పిల్లలను కొట్టాడు. 2013లో ఇంగ్లండు సంఘ అధికారులకు ఫిర్యాదు అందింది. అప్పుడైనా చేయాల్సినంత చేయలేదు. 2017లో ఒక టీవీ ఛానెల్ బయటపెట్టాకే లోకానికి తెలిసింది. 2018లో అతను దక్షిణాఫ్రికాలో చనిపోయాడు. ఏ కోర్టూ అతణ్ణి శిక్షించలేదు. 2024 నవంబరులో స్వతంత్ర విచారణ నివేదిక వచ్చింది. బాధితుల సంఖ్య వంద దాటిందని తేల్చింది. కొద్ది రోజులకే కాంటర్బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించారు. 1982లో నలుగురైదుగురు పెద్దలు ఒక ఫోను చేసి ఉంటే జింబాబ్వే పిల్లలకు ఆ దెబ్బలు తగిలేవా? దేవుని పని కాపాడాలనుకున్నారు. పిల్లలనూ కాపాడలేదు, సంఘం పరువూ నిలవలేదు.

దావీదు ఇల్లు కూడా అంతే కదా! తామారును ఊరుకోబెట్టిన ఇంట్లో రెండేళ్లకు అబ్షాలోము అమ్నోనును చంపించాడు. ఆపై తండ్రి మీదే తిరగబడి, చివరికి తానూ చనిపోయాడు. పుండును కప్పిపెడితే మానదు, లోపల కుళ్లుతుంది.

ఇక్కడ క్షమాపణ ప్రస్తావన తప్పకుండా వస్తుంది. ‘డెబ్బై ఏళ్ల మారులు క్షమించమని ప్రభువు చెప్పాడు కదా, క్షమించేసెయ్’ అని కుటుంబం అంటుంది. క్షమాపణ సువార్తకు గుండెకాయ వంటిది. అందుకే దాన్ని నోరు నొక్కే గుడ్డగా వాడకూడదు. బైబిల్లో క్షమాపణకు మనం ఎత్తి చూపే మహానుభావుడు యోసేపు. ఆయన చరిత్రను మరొకసారి నిదానంగా చదవండి. అన్నలు అమ్మేసినప్పుడు ఆయనకు పదిహేడేళ్లు. ఫరో ముందు నిలిచేనాటికి ముప్పై. ఏడేళ్ల సమృద్ధి గడిచి, రెండేళ్ల కరువు గడిచాక అన్నలకు తననుతాను తెలియజేసుకున్నాడు. అంటే మొత్తం ఇరవై రెండేళ్లు!

ఆ మధ్యలో పెద్దకొడుకు పుడితే మనష్షే అని పేరు పెట్టాడు. నా బాధను, నా తండ్రి ఇంటిని దేవుడు మరపించాడని దాని భావం. నిజంగా మరిచిపోయాడా? అన్నల మాటలు విని పక్కకు వెళ్లి ఏడ్చాడు. బెన్యామీనును చూసి గదిలోకి వెళ్లి ఏడ్చాడు. మూడోసారి ఐగుప్తీయులందరికీ వినబడేలా ఏడ్చాడు. అన్నలు కనబడగానే కౌగిలించుకోలేదు. వాళ్లు మారారో లేదో పరీక్షించాడు. తమ్ముడికి బదులు నేను బానిసగా ఉంటానని యూదా ముందుకొచ్చాకే తానెవరో చెప్పాడు. చివరికి క్షమించినప్పుడు కూడా వాళ్లు చేసింది కీడు కాదనలేదు. మీరు కీడే తలపెట్టారని స్పష్టంగా అన్నాడు. దేవుడు దాన్ని మేలుగా మలిచాడన్నది ఆ తర్వాతి మాట. ముందు కీడును కీడు అనాలి.

దేవుడు యోసేపుకు ఇరవై రెండేళ్లు ఇచ్చాడు. పన్నెండేళ్ల పిల్లకు మనం ఒక్క ఆదివారం కూడా ఇవ్వం! కమిటీ గదిలో కూర్చోబెట్టి, చేసినవాడి చేత ‘సారీ’ చెప్పించి, ఇద్దరికీ ప్రార్థన చేసి పంపిస్తాం. అది రాజీ. క్షమాపణ వేరు, మళ్లీ కలిసి ఉండడం వేరు, చట్టం ముందు జవాబు చెప్పడం వేరు. గాయపడినవారు ఎప్పటికైనా దేవుని కృపతో క్షమించగలిగినా, నేరస్థుడు పిల్లల మధ్యకు తిరిగి రానక్కర్లేదు. నిజంగా పశ్చాత్తాపపడినవాడు శిక్ష తప్పించమని అడగడు. జక్కయ్య పశ్చాత్తాపపడిన రోజున నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు.

మరి ఈ గాయం మానుతుందా? మానుతుంది. అమెరికా మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో రాసిన ‘ట్రామా అండ్ రికవరీ’ గ్రంథంలో మూడు దశలు చెప్పారు. మొదటిది, భద్రత. హింస ఆగాలి. చేసినవాడు రోజూ ఎదురుపడే ఇంట్లో, అతను ప్రార్థన నడిపించే మందిరంలో ఏ గాయమూ మానదు. నిద్ర, తిండి, తన ఒంటి మీద తనకు అదుపు తిరిగి రావాలి. బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు ముందు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు.

రెండో దశ, జరిగింది చెప్పుకుని దుఃఖించడం. నమ్మదగిన ఒక మనిషి ఎదుట, తనకు వీలైనంత వేగంతో, తన మాటల్లో చెప్పుకోవాలి. పోయిన బాల్యం కోసం ఏడవాలి. మన సంఘాల్లో ఏడుపును తొందరగా ఆపేస్తాం. ‘స్తోత్రం చెప్పమ్మా’ అంటాం. 88వ కీర్తన చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, చివర్లో స్తోత్రం లేదు. అటువంటి ప్రార్థనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచుకున్నాడు. మూడో దశ, మనుషులతో తిరిగి కలవడం. పని, స్నేహం, వివాహం, ఆరాధన మళ్లీ రుచించడం మొదలవుతుంది. ఈ దశలు మెట్లలా వరసగా సాగవు. ముందుకు వెళ్లినవారు ఒక్కోసారి వెనక్కి వస్తారు. కూతురికి తనకు గాయమైన వయసు వచ్చినప్పుడు తల్లికి అన్నీ మళ్లీ గుర్తుకురావచ్చు. అది ఓటమి కాదు.

ఈ దారిలో శిక్షణ పొందిన కౌన్సెలర్, మానసిక వైద్యుడు దేవుడిచ్చిన సహాయకులే. కాలు విరిగితే ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లి ప్రార్థన కూడా చేయించుకుంటాం. మనసు విరిగితే మాత్రం ‘విశ్వాసం చాలదు’ అనడం ఏం న్యాయం? దయ్యం పట్టిందని ఉపవాస కూటాల్లో జుట్టుపట్టి ఊపడం గోరుచుట్టు మీద రోకటిపోటే. ఇంకొక అపోహ కూడా ఉంది. హింసకు గురైన పిల్లలు పెద్దయ్యాక అదే పని చేస్తారని చాలామంది గుసగుసలాడుకుంటారు. అధికశాతం మంది అలా చేయరు. ఆ మాట అని మగపిల్లల మీద కొత్త మచ్చ వేయకండి.

సంఘ పెద్దలకు ఒక మనవి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇది సమానంగా వర్తిస్తుంది. ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలని దాని 19వ సెక్షన్ చెబుతోంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఒక సంస్థ అధిపతి తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలు, జరిమానా ఉన్నాయి. ఇందులో పాస్టర్లకు, బిషప్పులకు మినహాయింపు లేదు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి చట్టమే రక్షణ ఇస్తుంది. పిల్లల వాంగ్మూలం వారి ఇంటి వద్ద లేదా వారు కోరిన చోట, యూనిఫాం లేని పోలీసు అధికారి తీసుకోవాలి. వీలైనంతవరకు ఆ అధికారి మహిళ అయి ఉండాలి. కాబట్టి ‘పిల్లను స్టేషను చుట్టూ తిప్పుతారు’ అనే భయంతో ఆగవద్దు. 1098కి ఫోను చేస్తే పిల్లల సహాయ కేంద్రం పలుకుతుంది. పెద్దయ్యాక ఈ బాధతో కుమిలిపోతున్నవారికి 14416 నంబరులో టెలీ మానస్ ఉచిత మానసిక సేవ ఉంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఒక పిల్ల వచ్చి చెబితే ఏం చేయాలి? శాంతంగా వినండి. నమ్ముతున్నానని చెప్పండి. నీ తప్పు ఏమీ లేదని చెప్పండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి, ఎందుకంటే చెప్పాల్సి ఉంటుంది. పదేపదే గుచ్చిగుచ్చి అడగవద్దు. నిందితుణ్ణి పిలిచి ముఖాముఖి పెట్టవద్దు. పిల్ల పేరు ప్రార్థన విన్నపంగా కూడా బయటికి రానివ్వద్దు. సండే స్కూలు, వి.బి.ఎస్., యూత్ రిట్రీట్, హాస్టల్ ఎక్కడైనా ఒక పెద్దమనిషి ఒక్క పిల్లతో తలుపు మూసి ఉండకూడదనే నియమం పెట్టండి. కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలి. కొత్తగా వచ్చిన బోధకుడు ముందున్న ఊరు ఎందుకు వదిలాడో విచారించండి. ఈ నియమాలు పాస్టరుకూ వర్తించాలి. నిర్దోషి అయిన సేవకుడికి వీటివల్ల నష్టమేమీ లేదు.

ఈ పేజీ చదువుతున్నవారిలో ఇంతవరకు ఎవరికీ చెప్పుకోనివారు ఉంటారు. మీకొక్క మాట. జరిగింది మీ పాపం కాదు. అప్పుడు మీరు అరవలేకపోయినా, మళ్లీ ఆ ఇంటికే వెళ్లవలసి వచ్చినా, వాడిచ్చిన చాక్లెట్ తిన్నా మీ పాపం కాదు. చిన్నపిల్లలను తొట్రిల్లజేసినవాడి గురించి యేసుప్రభువు తిరగటిరాయి మాట అన్నాడు (మత్తయి 18). పిల్లలను మాత్రం మధ్యలో నిలబెట్టుకున్నాడు. ఈ రోజే ఎవరినీ క్షమించాలని మిమ్మల్ని తొందరపెట్టే అధికారం ఎవరికీ లేదు. నమ్మదగిన ఒక్క మనిషిని వెతుక్కోండి. మొదటి మనిషి నమ్మకపోతే రెండో మనిషికి చెప్పండి.

తామారును ఇల్లంతా ఊరుకోబెట్టింది. దేవుని వాక్యం మాత్రం అబ్షాలోము మాట వినలేదు. ఆమె పేరు రాసింది, ఆమె బతిమాలిన మాటలు రాసింది, ఆమె చింపుకున్న అంగీ గురించీ, ఆమె కేక గురించీ రాసింది. రాజుగారి పరువు పోతుందని ఒక్క వాక్యం కూడా తగ్గించలేదు. ఆ వాక్యాన్ని ప్రతి ఆదివారం చేతపట్టుకుని మందిరానికి వెళ్లే మనం, మన మధ్య కూర్చున్న తామారులను ఊరుకోమని ఏ ముఖంతో చెప్పగలం?